రోహిణి ఎండల్లో చలి కాగిన పిల్ల

నా పెద్ద బిడ్డ సుగుణ తొమ్మిదో ఏట ఎదగడం ఆగిపోయింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరమూ చాలాకాలం గమనించలేదు. గమనించాక ఏం చేయాలో తోచలేదు. ఇప్పుడు పిల్ల బాగుంది కాబట్టి కూర్చుని రాయగలుగుతున్నాను. ఇలాంటి పిల్ల ఇంకే ఇంట్లోనైనా ఉంటే, ఆ తల్లి నాలాగా ఏళ్ళ తరబడి ఊరికే ఏడుస్తూ కూర్చోకూడదని రాస్తున్నాను. పిల్లల తల్లినయ్యాక అక్షరాలు నేర్చినదాన్ని, పెద్ద మాటలు రావు. మాకు ఎట్లా అనిపించిందో అట్లా చెబుతాను.

*పందొమ్మిది వందల యాభై ఎనిమిది, యాభై తొమ్మిది*

మాది వరంగల్ కొత్తవాడ. మా వాడలో ఇంటింటా జంపఖానాలు నేస్తారు. మా ఇంటాయన లింగయ్య మాత్రం మగ్గం మీద కూర్చోడు. నూలుకు రంగు వేస్తాడు. మా పెరట్లో రెండు పొయ్యిలు, వాటి మీద రెండు రాగి గంగాళాలు. పొద్దున నిప్పు వేస్తే మధ్యాహ్నం దాకా రంగునీళ్ళు కుతకుతమంటూనే ఉంటాయి. నూలు కట్టలను కర్రకు వేలాడదీసి, ముంచుతూ తిప్పుతూ ఉండాలి. ఎండాకాలం ఆ పొయ్యి దగ్గర నిలబడడం మగవాళ్ళకే కష్టం. కూలికి వచ్చిన వాళ్ళు కూడా రెండు రోజులు చేసి మూడో రోజు రారు.

అలాంటి పొయ్యిని మా సుగుణ వదిలేది కాదు. రజాకార్ల గడబిడ నాటికి చంకలో పిల్ల అది. ఆ లెక్కన అప్పటికి పదకొండేళ్ళు. రోహిణి కార్తె ఎండలకు వాడంతా తలుపులు మూసుకుంటే, అది పొయ్యి పక్కన పీట వేసుకుని నూలు తిప్పేది. దాని చెల్లెలు లక్ష్మి "అమ్మో, మంట" అని ఆమడ దూరం పరుగెత్తేది.

పక్కింటి వీరవ్వ గోడ మీదుగా చూసి అనేది: "వదినె, నీ పెద్దపొల్ల కాళ్ళు కడిగిన నీళ్ళు మా పోరికి తాగియ్యాలె. పని చెప్తె పిల్లిలెక్క ఉరుకుతది మాది."

మా అత్త రాజవ్వకు ఆ మాట వింటే కడుపు నిండేది. "నా మనుమరాలు గదనే. పని మీదనే పానం దానికి."

నాకూ గర్వంగానే ఉండేది. పిల్ల అలిగేది కాదు, అడిగేది కాదు. పెట్టింది తినేది, అదీ నాలుగు ముద్దలు. చీకటి పడితే ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్రపోయేది. ఒకసారి కుట్టించిన లంగా ఏళ్ళ తరబడి దానికి సరిపోతూనే ఉంటే, జాగ్రత్తగల పిల్ల అనుకున్నాను. మూడో తరగతిలో పంతులు "ఈ పిల్ల నిద్రలో ఉన్నట్టు ఉంటుంది, చదువు ఎక్కడం లేదు" అని చెప్పి పంపేశాడు. ఆడపిల్లకు పని వస్తే చాలు అనుకుని మేము బడి మాన్పించాం.

మొదట నా గుండెలో రాయి పడింది ఒక దసరాకు. లక్ష్మికి పొట్టి అయిన పాత లంగాను పక్కన పడేస్తే, సుగుణ తీసి తొడుక్కుంది. సరిగ్గా సరిపోయింది. అక్క బట్టలు చెల్లెలికి వస్తాయి. మా ఇంట్లో చెల్లెలి బట్టలు అక్కకు వచ్చాయి. అది అద్దంలో చూసుకుని, "మంచిగున్నదా అవ్వా?" అని అడిగింది. మంచిగుంది బిడ్డా అన్నాను. వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

*అరవై, అరవై ఒకటి*

ఆ తర్వాత ఇక కళ్ళకు అదే కనబడేది. తోటి పిల్లలందరూ గుమ్మం దాటుతూ తల వంచుతున్నారు. నా పిల్ల గొళ్ళెం అందుకోవడానికి పీట వేసుకుంటోంది. ముఖం గుండ్రంగా, కొంచెం ఉబ్బినట్టు ఉండేది. చర్మం గరుకు. జుట్టు కొబ్బరి పీచు.

ఎవరు ఏది చెబితే అది చేశాం. పురుగుల మందు తాగించాం. దర్గాలో తాయెత్తు కట్టించాం. నర్సంపేటలో ఉండే మా అన్న పచ్చి గుడ్లు తాగించమన్నాడు. పిల్ల ముక్కు మూసుకోకుండా తాగేది. చేదైనా, వెగటైనా ఒకటే దానికి. "వద్దు" అనే మాట దాని నోట రాలేదు.

మా ఆయనకు ఎవరో చెప్పారట, దూలానికి వేలాడితే ఎముకలు సాగుతాయని. పెరటి పాకలో దూలానికి మోకు కట్టి, పిల్లను ఎత్తి పట్టించాడు. "జరసేపు పట్టుకో బిడ్డా, మల్ల వస్త" అని చెప్పి, గంగాళంలో రంగు మాడుతున్న వాసన వస్తే అటు పోయాడు. ఆ పనిలో పడి మరిచిపోయాడు. గుర్తొచ్చి పరుగెత్తుకొచ్చేసరికి పిల్ల ఇంకా వేలాడుతూనే ఉంది. అరచేతులు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి.

"దిగరాదా బిడ్డా! ఎందుకు దిగలె?"

"నువ్వు దిగుమనలె గద నాయినా."

ఆయన ఆ మోకు తెంపి పొయ్యిలో వేశాడు. ఆ రోజు అన్నం తినలేదు. నా మీద అరిచాడు, వాళ్ళ అమ్మ మీద అరిచాడు. రంగు బాగా రాలేదని నూలు ఇచ్చినవాళ్ళ మీద అరిచాడు. మా ఇంట్లో అప్పటిదాకా అరుపులు లేవు. పిల్ల ఎదగకపోతే ఇంట్లో అందరూ ఒకరి తప్పు ఒకరు వెతుక్కుంటారని నాకు అప్పుడే తెలిసింది. మా అత్త నా వైపు పొట్టివాళ్ళెవరో లెక్క తీసింది. నేను ఆమె వైపు లెక్క తీశాను.

*అరవై రెండు, మాఘం*

ఆ మాఘంలో లక్ష్మి పెద్దమనిషి అయింది. దానికింకా పదమూడు నిండలేదు. అక్కకు పదిహేను.

మూలన చాప వేసి లక్ష్మిని కూర్చోబెట్టాం. వాడలో ఆడవాళ్ళు నువ్వులూ బెల్లమూ, ఎండు కొబ్బరి కుడకలూ తెచ్చారు. పాటలు పాడారు. సుగుణ వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళ చెంబు అందిస్తూ తిరుగుతోంది. ఒకామె దాని తల నిమిరి, "గీ చిన్నది ఎవలు? లక్ష్మి చెల్లెనా?" అని అడిగింది. వీరవ్వ ఆమె చెవిలో ఏదో చెప్పింది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో! పెద్దదానికి గాకముందే చిన్నదానికా? మరి గీ పొల్లకు అసలు అయితదా?"

పాట ఆగింది. మా అత్త కూర్చున్నచోటి నుంచే అంది: "మామిడిచెట్టుకు ముందు ఏ కొమ్మ కాస్తదో నీకెరుకనా? వచ్చిన పని సూసుకో. బెల్లం ముద్ద నోట్లె పెట్టుకో."

అందరూ నవ్వారు. నేను మాత్రం సుగుణ ముఖం చూడలేకపోయాను.

సాయంత్రం అందరూ పోయాక లక్ష్మి తన పళ్ళెంలోని నువ్వుల ముద్దలో సగం తుంచి, చేతులు తగలకుండా చాప చివర పెట్టి జరిపింది. "అక్కా, తిను. నేనొక్కదాన్నే పెద్దగైతె నాకేం మంచిగుంటది?"

సుగుణ తిన్నది. "తియ్యగున్నదే" అంది. అంతే. దానికి బాధ కలిగిందో లేదో కూడా తెలియలేదు. ఏడిస్తే ఊరుకోబెట్టేదాన్ని. ఏడవని పిల్లను ఏమని ఊరుకోబెట్టను?

పెళ్ళి గురించి కాదు నా భయం అప్పుడు. ఈ పిల్ల ఇట్లాగే చిన్నపిల్లగా ఉండిపోతే, నేను పోయాక దాని చెయ్యి పట్టుకునేది ఎవరని. లక్ష్మి ఎంతకాలం పట్టుకుంటుంది? రోజూ దాని పక్కన పడుకుని, ఊపిరి తీస్తోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఒళ్ళు చల్లగా తగిలేది.

*అదే ఏడు, ఎండాకాలం*

దవాఖానకు మేము పోయింది సుగుణ కోసం కాదు. మా అత్త కళ్ళలో పొర వస్తే మిషన్ దవాఖానకు తీసుకుపోయాం. ఆమె చెయ్యి పట్టుకు నడిపించడానికి సుగుణను తీసుకుపోయాను. రిక్షాలో కూర్చుంటే గాలి తగులుతోందని అది ఒక చిన్న జంపఖానా భుజాల చుట్టూ కప్పుకుంది. బయట నిప్పులు కురుస్తున్నాయి.

వరండాలో బల్లల మీద జనం. విసనకర్రలు ఆగడం లేదు. మా పక్కన కూర్చున్న ఒక క్రైస్తవుల ఆమె సంచిలోంచి బిస్కెట్ తీసి, "ఇదిగో పాపా, ఇస్కూలుకు పోతానవా?" అని సుగుణకు ఇచ్చింది. నేను వయసు చెప్పలేదు. చెబితే ఎదుటివాళ్ళ ముఖాలు ఎట్లా మారతాయో చూసి చూసి విసిగిపోయాను.

డాక్టరమ్మ లోపలికి పోతూ మా ముందు ఆగింది. మా అత్త కళ్ళు చూస్తుందనుకుని అత్తను ముందుకు జరిపాను. ఆమె చూసింది జంపఖానాను.

"పాపకు చలిజ్వరమా?"

"లేదమ్మా. దానికి ఎప్పటికి గంతే. సలి."

"ఈ ఎండలో చలేమిటమ్మా? ఎన్నేళ్ళు?"

"పదిహేను" అన్నాను. బిస్కెట్ ఇచ్చిన ఆమె విసనకర్ర ఆగిపోయింది.

డాక్టరమ్మ లోపలికి తీసుకుపోయి మంచం మీద కూర్చోబెట్టింది. గొంతు తడిమింది. నాడి చూసింది. మోకాలి కింద చిన్న సుత్తితో తట్టింది. నన్ను అడుగుతూ పోయింది. నిద్ర ఎక్కువా? ఆకలి తక్కువా? విరేచనం సరిగా అవుతుందా? చెమట పడుతుందా? ఇంట్లో ఏం చేస్తుంది?

చివరి ప్రశ్నకు నాకు హుషారు వచ్చింది. "శాన పనిమంతురాలమ్మా. మాది రంగుల పని. ఎండకాలం పొయ్యికాడ ఎవ్వరు నిలువరు. ఇది లేవదు. లేపినా గూడ మల్ల పోయి ఆడనే..."

మాట మధ్యలో నా నోరు ఆగిపోయింది. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది, అంతే. ఇన్నేళ్ళూ వాడంతా మెచ్చుకున్నది ఏమిటో నాకు ఒక్కసారిగా తెలిసింది. పిల్ల పని చేయలేదు. చలి కాగింది.

తర్వాత కొన్నాళ్ళు పరీక్షలంటూ తిప్పారు. చేతి ఎముకల ఫొటో తీసి, ఇవి ఏడెనిమిదేళ్ళ పిల్ల ఎముకలని చెప్పారు. గొంతు దగ్గర ఒక గ్రంథి ఉంటుందట. ఒంట్లో నిప్పు రాజేసేది అదేనట. దానిది పని చేయడం లేదు. చిన్న మాత్ర, రోజూ ఒకటి, బతికున్నంతకాలం.

మా ఆయన అక్కడే గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. "రోగమున్న పిల్లతోటి పని చేపిచ్చుకున్న నేను. నిప్పుల కాడ కూసోపెట్టిన."

డాక్టరమ్మ వంగి చెప్పింది: "ఆ పొయ్యి దానికి చెడు చేయలేదయ్యా. లోపల లేని వేడి బయటి నుంచి అందింది. లేవండి."

ఆ మాట ఆమె చెప్పకపోతే ఆయన రంగుల పని మళ్ళీ చేసేవాడు కాదని ఇప్పటికీ అనుకుంటాను.

*అదే ఏడు, శ్రావణం*

మాత్రలు మొదలుపెట్టిన కొన్ని వారాలకు ఒక మధ్యాహ్నం సుగుణ వంటింట్లోకి వచ్చి, "అవ్వా, ఉడకపోస్తాంది" అంది.

నేను నూలు కండె చుడుతున్న రాట్నం వదిలేసి దాని నుదురు చూశాను. చెమట. కొంగుతో తుడవబోయి, తుడవబుద్ధి కాక అట్లాగే చూస్తూ ఉన్నాను. "గట్ల సూస్తవేందే, ఇసురు" అంది పిల్ల. నన్ను కసురుకుంది! ఆ పూట విసిరి విసిరి నా చెయ్యి నొప్పి పుట్టింది.

అంతలో మా అమ్మకు ఒంట్లో బాగాలేదని కబురొస్తే నర్సంపేట పోయాను. మాత్రల సీసా మా అత్త చేతికి ఇచ్చాను. రోజూ పొద్దున్నే, మరవొద్దు అని పదిసార్లు చెప్పాను. అమ్మ కోలుకునేసరికి శ్రావణం ఇంకో వారమే మిగిలింది.

తిరిగి వచ్చి చూస్తే సుగుణ గోడకు ఆనుకుని ముడుచుకుని కూర్చుంది. భుజాల మీద జంపఖానా. ముఖం మళ్ళీ ఉబ్బింది. "వచ్చినవా అవ్వా" అన్న మాట కూడా బరువుగా వచ్చింది.

"అత్తా, మాత్రలు ఇస్తలేవా?"

మా అత్త లోపలికి పోయి ఉప్పుకుండ వెనక నుంచి సీసా తెచ్చింది. "ఒక్కటి గూడ పారెయ్యలె. ఇగో సూడు. నువ్వు పోయినంక నా కండ్లకు మందు తెచ్చుకోను పోతె దవాఖాన ఆయమ్మ చెప్పింది, గియ్యి గొర్రె మెడల నుంచి తీసి చేస్తరట. శ్రావణమాసమాయె. ఇంట్ల నీసు ఎట్ల పెడుదు? మాసం దాటినంక ఇద్దామనుకున్న. నెల రోజులకు ఏమైతదే?"

మావాళ్ళు శ్రావణంలో మాంసం ముట్టరు. కత్తి కూడా కడిగి అటక మీద పెడతారు. ఆమె తప్పు చేయాలని చేయలేదు. మనుమరాలికి మంచి జరగాలనే ఆ నియమం ఇంకా గట్టిగా పట్టుకుంది. కానీ ఆ క్షణంలో నాకు అవేమీ కనబడలేదు. అప్పటికప్పుడు ఆమెనూ పిల్లనూ రిక్షా ఎక్కించాను.

డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాను. ఆమె మా అత్త పక్కన బల్ల మీద కూర్చుంది.

"పెద్దమ్మా, శ్రావణంలో పిల్లకు అన్నం మానిపిస్తారా?"

"అన్నం ఎందుకు మాన్పిస్తమమ్మా? ఒక్కపొద్దులు పెద్దోళ్ళకు. పిల్లలకు గావు."

"ఇది కూడా దాని ఒంటికి అన్నం లాంటిదే. అందరి ఒంట్లో పుడుతుంది. దానికి పుట్టదు, మనం పెట్టాలి. ఒక నెల ఆపితే ఒక నెల పస్తు."

మా అత్త మరునాడు పొద్దున్నే తలకు పోసుకుని, దేవుడి ముందు దీపం పెట్టి, సుగుణను పిలిచింది. తడి చేత్తోనే సీసా మూత తీసి మాత్రను పిల్ల నాలుక మీద పెట్టింది. తర్వాత దేవుడి పటం వైపు తిరిగి, పక్కింటావిడతో మాట్లాడినట్టే మాట్లాడింది: "పెట్టింది నేను. పాపమైతె నా లెక్కల రాసుకో. పొల్ల జోలికి రాకు."

ఆ తర్వాత ఆమె బతికున్నంతకాలం మాత్ర ఆమె చేతి మీదుగానే పోయింది. నేను ఎప్పుడైనా అందుకోబోతే "నువ్వు మరుస్తవు" అనేది.

*అరవై మూడు*

ఆ ఏడు మా ఇంట్లో పండగే. పండగంటే కొట్లాటలు. సుగుణకు ఆకలి వచ్చింది, కోపం వచ్చింది, జడ వచ్చింది. కూరలో ఉప్పు లేదంటుంది. దువ్వెన నాదంటే నాదని లక్ష్మితో జుట్లు పట్టుకుంటుంది. వీరవ్వ గోడ మీదుగా తొంగిచూసి, "గీ పొల్లకు ఏం మందు పోసిండ్రు వదినె? నోరు లేసింది" అంది. "లేవనియ్యి వీరవ్వా, పైసలు పెట్టి లేపుకున్నం" అన్నాను.

బడికి పోతానని తానే అంది. నాలుగో తరగతిలో చిన్నపిల్లల మధ్య కూర్చుంది. సిగ్గు లేదా అంటే, "నా ఎత్తుకు గదే తరగతి సరిపోతది" అని నవ్వింది. నవ్వుతూనే రెండు తరగతులు ఒక్క ఏడాదిలో చదివేసింది. సాయంత్రాలు నాకు పలక ఇచ్చి కూర్చోబెట్టేది. నేను 'ఱ' రాయలేక తంటాలు పడుతుంటే, "నిద్రలున్నవా అవ్వా?" అనేది. ఆనాటి పంతులు మాట అది! మా ఇద్దరికీ నవ్వాగేది కాదు.

నర్సంపేట బస్సులో కండక్టరు దానికి సగం టికెట్ చింపాడు. అది వెనక్కి ఇచ్చేసింది. "నాకు పదహారేండ్లు. పూర టికెట్ ఇయ్యి."

కండక్టరు నన్ను చూశాడు. "ఏందమ్మా, నిజమేనా?"

"నన్నడుగుతానవేంది? నోరు దానికున్నది గద" అన్నాను.

మా ఆయన వెనక సీటు నుంచి గొణిగాడు: "సగమన్న మిగిలేది గదనే." బస్సంతా నవ్వింది.

కొలిచి చూడనవసరం లేకుండానే పెరుగుతోంది పిల్ల. అయితే డాక్టరమ్మ ముందే చెప్పింది, ఆలస్యమైంది కాబట్టి అందరంత పొడుగు కాకపోవచ్చునని. ఇప్పుడు దానికి ఇరవై దాటాయి, నా చెవి దాకా వస్తుంది. పదేళ్ళకే తీసుకుపోయి ఉంటే నన్ను దాటేదేమో. అందుకే చెబుతున్నాను. పిల్ల బట్ట పొట్టి కాకపోతే సంతోషించకండి. ఎండలో చలి అంటే నవ్వకండి. నెమ్మదైన పిల్ల అని ఎవరైనా మెచ్చుకుంటే, ఒకసారి దాని ఒళ్ళు పట్టుకుని చూడండి.

*అరవై నాలుగు*

వానలు మొదలైన రోజులు. పొద్దున్నే సుగుణ పెరటి తలుపు దగ్గర నిలబడి, "అవ్వా, ఇటు రా" అని పిలిచింది. దాని గొంతు వినగానే నాకు అర్థమైంది. చూసి, గుండెలకు హత్తుకున్నాను. నాకు ఏడుపు, దానికి నవ్వు.

వాడంతా వినబడేలా కేకవేయాలనిపించింది. బాజాలు పెట్టించాలని, ఆనాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నామెను ముందు వరసలో కూర్చోబెట్టాలని మనసులోనే ఎన్నిసార్లు అనుకున్నానో! చాప కోసం లోపలికి పోబోతే పిల్ల నా కొంగు పట్టుకుంది.

"ఎవలకు చెప్పకు."

"గదేంది బిడ్డా? ఎన్నేండ్ల సంది ఎదురుచూస్తానం!"

"గందుకే చెప్పకు. ఇన్నేండ్లు వాడంత నన్నే సూసిండ్రు. అయిందా, గాలేదా అని. మల్ల నన్ను మూలకు కూసోపెడ్తే మల్ల సూస్తరు. వద్దు."

"నాయినమ్మకు గూడ చెప్పొద్దా?"

ఆలోచించింది. "నాయినమ్మకు చెప్పు. లక్ష్మికి చెప్పు. నాయినకు నువ్వే ఎట్లన్న చెప్పుకో, నా ముందట గాదు."

మా అత్త మొదట ఒప్పుకోలేదు. ఊరుకు తెలియకుండా చేస్తే అది వేడుకేనా అంది. తర్వాత పిల్ల ముఖం చూసి, చీర చెంగు బిగించి, తానే నువ్వులు వేయించడానికి కూర్చుంది.

వాసన గోడ దాటింది. వీరవ్వ వాకిట్లోకి వచ్చింది. ఈమె పెద్దపొల్లకు అయిందా అని నెలనెలా నన్ను అడిగిన మనిషి. చెడ్డది కాదు, కానీ అడగకుండా ఉండలేదు. ఆమెకు ఇవ్వాల్సిన జవాబును ఏళ్ళ తరబడి నా నోట్లో తయారుగా పెట్టుకున్నాను.

"ఏందొదినె, పొద్దుగాల్నె నువ్వులు ఏంచుతాండ్రు? ఏమన్న విశేషమా?"

ఆమె కళ్ళు నా భుజం మీదుగా లోపలికి చూస్తున్నాయి. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఏం లేదు వీరవ్వా. వానకు పిల్లలు తింటమన్నరు."

ఆమె నమ్మిందో లేదో తెలియదు. ఒక ముద్ద చేతిలో పెట్టి పంపించి, తలుపు దగ్గరికి వేశాను. లోపల ముసలామె, మనుమరాళ్ళిద్దరూ నోళ్ళు కొంగులతో మూసుకుని, చప్పుడు బయటికి రాకుండా నవ్వుతున్నారు.